బౌషర్ తైబంది

పెద్దమనుషులు వస్తున్నారంటే ముందు చీపుర్లు వస్తాయి. మస్కట్‌కైనా మెట్‌పల్లికైనా అదే శాస్త్రం. 1977 ఫిబ్రవరిలో మస్కట్ పక్కన బౌషర్ కొండ కింద ఉన్న కంపెనీ క్యాంపులో మూడు రోజులు వరసగా చీపుర్లే ఆడాయి. దారి పక్క రాళ్ళకు సున్నం కొట్టారు. ఏడాదిగా నడవని యంత్రానికి రంగు వేశారు. ఎక్కడినుంచో పచ్చటి కొమ్మలు తెచ్చి ఇసుకలో మొక్కల్లా గుచ్చారు. కొమ్మకు వేరు లేదన్న సంగతి వచ్చినవాళ్ళు వెళ్ళేదాకా బయటపడదు, ఆ తర్వాత బయటపడినా ఎవరికీ నష్టం లేదు.

వస్తున్నది ఏడుగురు నిపుణులు. ఆసియా దేశాలు రాబోయే పదిహేనేళ్ళలో ఎంతెంత ఎదుగుతాయో తేల్చి పుస్తకం వేయడానికి బయలుదేరినవాళ్ళు. కొరియా చూశారట, సింగపూరు చూశారట, ఇప్పుడు ఒమాన్ వంతు. చూడదగ్గదే, కాదనకూడదు. ఏడేళ్ళ కింద ఏమీ లేని చోట రోడ్లు పడ్డాయి, ఆసుపత్రులు లేచాయి, విమానాలు దిగుతున్నాయి. కాని దేశానికి ఒక పూట చొప్పున చూసుకుంటూ పోతున్నారు వీళ్ళు. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళయినా అంతకంటే ఎక్కువసేపు కూర్చుంటారు.

వాళ్ళకు చూపించాల్సిన వాటిలో మొదటిది కంపెనీ తవ్వించిన కొత్త బావి. కొండ మొదట్లో లోతుగా దించిన బావి, దానిమీద డీజిల్ పంపు, అక్కడినుంచి అజైబా వైపు లేస్తున్న కొత్త ఇళ్ళకు పైపు. నిపుణులు భేష్ అని రాస్తే ఇంకో మూడు బావుల పని కంపెనీకే దక్కుతుంది.

ఆ బావి దగ్గర డ్యూటీ గంగన్నది. రోజూ పొద్దున పంపు వేయకముందు, రాయి కట్టిన తాడు బావిలోకి వదిలి, నీళ్ళు ఎన్ని బారల లోతున ఉన్నాయో చెప్పాలి. సూపర్‌వైజర్ ఎహసాన్, హైదరాబాద్ మనిషి, దాన్ని రిజిస్టర్‌లో రాసుకుంటాడు. గంగన్నకు చదువు రాదు. నీళ్ళు మాత్రం వచ్చు. మెట్‌పల్లి దగ్గరి పల్లెలో వాళ్ళది నీరటి వంశం. చెరువు తూము ఎత్తడం, దించడం, ఎవరి మడికి ఎంతసేపు పారాలో చూడటం తాతల నాటినుంచి వాళ్ళ పని. అన్నిటికన్నా పెద్ద పని తైబంది. యాసంగి నాట్లకు ముందు నీరటివాడు చెరువులో దిగి, ఉన్న నీళ్ళు ఎన్ని ఎకరాలను కోతదాకా గట్టెక్కిస్తాయో లెక్కగట్టి ఊరందరి ముందు చెప్పాలి. అతను అరవై అంటే అరవై. అరవై ఒకటో ఎకరం బీడు పడాల్సిందే, అది పటేలుదైనా సరే.

పటేలుదైనా సరే అని చెప్పుకోవడం తేలిక. నాలుగేళ్ళ కింద పటేలు ఇంటికి పిలిచి, కుర్చీ చూపించి, చాయ్ పోయించి, తొంభై అని చెప్పమన్నాడు. గంగన్న తొంభై అన్నాడు. వరి పాలు పట్టే వేళకు చెరువు పగుళ్ళు బారింది. పటేలుకు మోటారు బావి ఉంది, ఆయన పంట ఆయనకు వచ్చింది. గంగన్న మాట నమ్మి నాటేసిన శాంతవ్వ ఇద్దరు పిల్లలతో భీవండి బస్సు ఎక్కింది. తిట్టలేదు. బస్సు కదిలేముందు కిటికీలోంచి, "నీకు ముందుగాలనే ఎరుకనా గంగన్నా?" అని ఒక్క మాట అడిగింది. దానికి జవాబు దొరకకనే అతను ఈ ఎడారి దాకా వచ్చిపడ్డాడు. డబ్బు కోసం వచ్చానని అందరితో అంటాడు. అందరూ అదే అంటారు.

బావికి దిగువన ఖర్జూర తోటలున్నాయి. కొండ కడుపులోనుంచి నేలకింద సొరంగంగా వచ్చి తోటల దగ్గర పైకి తేలే కాలువే వాటికి ప్రాణం. అక్కడివాళ్ళు దాన్ని ఫలజ్ అంటారు. ఎవరి తాతలు తవ్వారో ఎవరూ చెప్పలేరు. ఆ నీళ్ళు పంచే పెద్ద పేరు ఖల్ఫాన్. నేలలో పాతిన కర్ర నీడ ఎంత జరిగిందో చూసి తోటలకు వంతులు వేస్తాడు. ఆ కర్ర దగ్గర కూర్చున్న ముసలాయనను మొదటిసారి చూసినప్పుడు గంగన్నకు పరాయిదేశంలో మేనమామ కనబడ్డట్టయింది. ఖల్ఫాన్ వయసులో ఉండగా ఖర్జూరాల ఓడల మీద బొంబాయి తిరిగాడు, నాలుగు హిందీ ముక్కలు వచ్చు. గంగన్నకూ ఆ నాలుగే వచ్చు. అందుకే ఇద్దరికీ బాగా కుదిరింది. మాటలు ఎక్కువ వచ్చినవాళ్ళ మధ్యనే పేచీలు పుడతాయి.

పంపు మొదలుపెట్టిన రోజు బావిలో నీళ్ళు ఆరు బారల కింద ఉన్నాయి. రెండు నెలలకు పదకొండు. ఫలజ్ ధార మణికట్టంత సన్నబడింది. ఖల్ఫాన్ కొండవైపు చూసి, "వాన లేదు భాయ్, వాన లేదు" అనేవాడు. గంగన్న కూడా కొండవైపే చూసేవాడు. పంపు వైపు చూస్తే మాట్లాడాల్సి వస్తుంది.

నిపుణులు రావడానికి ఐదు రోజుల ముందు ఎహసాన్ వచ్చి పంపు ఆపమన్నాడు.

"అరె గంగన్నా, నాలుగు రోజులు పంపు బంద్. మేనేజర్ ఆర్డర్."

"ఎందుకు భాయ్? ఖరాబైందా?"

"దానికి రెస్ట్ గావాలె."

"మనకు శుక్రవారం ఇచ్చుడే కష్టమైతంది, పంపుకు నాలుగు రోజులా? పుడితే పంపై పుట్టాలె."

"నీ నోరు చూడు! సాబ్ లోగ్ తొంగి చూస్తే బావిల నీళ్ళు కనబడాలె. అడిగితే 'బహుత్ పానీ సాబ్' అను, బస్. ఇంకేం నక్కో. నీ వీసా మీద కంపెనీ పేరుంది, నీ తాత పేరు లేదు. సమజ్ అయిందా?"

సమజ్ కాకపోవడానికి అందులో ఏముంది. క్యాంపుకు నీళ్ళు ట్యాంకర్‌లో వచ్చాయి, మనిషికి ఒక బకెట్. గంగన్న రూమ్‌లోనే ఉండే భూమయ్య సబ్బు నురగతో నిలబడి, "మన తానాలు బంద్ వెట్టి బావికి తానం పోయిస్తున్నరు. రేపు దానికి బొట్టు గూడ వెడ్తరు సూడు" అన్నాడు.

బావి ఊరింది. నాలుగో రోజుకు నీళ్ళు ఏడు బారలకు వచ్చాయి. అంతా అనుకున్నట్టే జరిగింది, ఒక్కటి తప్ప. పంపు ఆగేసరికి కిందనున్న ఫలజ్ కూడా నిండింది.

ఖల్ఫాన్ పరుగులాంటి నడకతో వచ్చి గంగన్న రెండు చేతులు పట్టుకున్నాడు. "వచ్చింది భాయ్! కొండల్లో ఎక్కడో వాన పడింది. ఎల్లుండి పొద్దున అందరినీ పిలుస్తున్నా. చెట్లకే కాదు, పొలాలకు కూడా వంతులు ఇస్తా. హలీమా అప్పుడే మేకలను అమ్మేసింది, ఉల్లి విత్తనాలకు."

హలీమా అంటే తోటల చివర ఇరవై చెట్లున్న వితంతువు. రెండే మేకలు ఆమెకు. గంగన్న నవ్వబోయాడు, మూతి కదల్లేదు. చేతులు మాత్రం విడిపించుకోలేదు, అంతవరకే అతని ధైర్యం.

మర్నాడు నిపుణులు దిగారు. గొడుగులు పట్టేవాళ్ళు కొందరు, ఖర్జూరాల పళ్ళేలు మోసేవాళ్ళు కొందరు. ఒకాయన స్టాండు మీద పెద్ద పటం పెట్టించాడు. దానిమీద ఒక ఎర్ర గీత ఎడమ మూలనుంచి లేచి కుడి మూలకు ఎక్కుతూ పోయింది. ఎగిరే కొంగకైనా ఎక్కడో ఒకచోట వాలాలని ఉంటుంది, ఆ గీతకు లేదు.

వాళ్ళలో ఒకాయన గుంటూరు మనిషి. పొట్టిగా, శుభ్రంగా, సెంటు వాసనతో ఉన్నాడు. గంగన్న భూమయ్యను కేకేసిన మాట విని దగ్గరకు వచ్చాడు.

"ఏమయ్యా, మనవాడివేనా! ఇంత దూరంలో తెలుగు వినబడితే ప్రాణం లేచొచ్చిందనుకో. ఎలా ఉంది ఇక్కడ?"

"మంచిగనే ఉన్నది సారూ. గా గీత ఏంది సారూ? మీదికే పోతంది?"

"అది తలసరి ఆదాయం. దేశం సంపాదించిందాన్ని మనుషుల తలలతో భాగిస్తే వచ్చేది."

"మా తలకాయలు గూడ లెక్కకొస్తయా?"

"మీరు ఈ దేశస్థులు కాదు కదా, ఇక్కడ రావు."

"మరి మా ఊర్లె?"

"అక్కడ..." ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. "అక్కడ నువ్వు లేవు గదా. నువ్వు పంపే డబ్బు మాత్రం లెక్కలోకి వస్తుంది."

"అంటే పైసలున్నయ్, తలకాయ లేదు."

ఆయన పెద్దగా నవ్వి, మిగతా నిపుణులకు దాన్ని ఇంగ్లీషులో చెప్పాడు. వాళ్ళూ నవ్వారు. మేనేజర్ కూడా నవ్వాడు, ఎందుకో తెలియకుండానే. తర్వాత ఆయన బావిలోకి తొంగి చూశాడు. "నీళ్ళు పుష్కలంగా ఉన్నాయే!"

గంగన్న వెనక ఎహసాన్ దగ్గాడు. గంగన్నకు భీవండి బస్సు కిటికీ కనబడింది.

"లేవు సారూ. నాలుగొద్దులు పంపు ఆపిన్రు, గందుకే ఊరినయ్. రెండు నెలల్ల ఐదు బారలు దిగినయ్. ఇంకో మూడు బావులు తవ్వితే కింద తోటలు ఎండుతయ్, ఆఖరికి గా కొత్త ఇండ్లకు గూడ రావు. మా దిక్కు మోటార్లు వెట్టి చెర్వుల కింద బావులన్ని గిట్లనే సంపుకున్నరు."

ఎహసాన్ ముఖం కొట్టిన సున్నం కంటే తెల్లబడింది. అయిపోయింది, ఇక పెట్టె సర్దుకోవడమే అనుకున్నాడు గంగన్న.

గుంటూరు ఆయన శ్రద్ధగా తలాడించాడు. "చక్కగా చెప్పావయ్యా. చాలా ముఖ్యమైన అంశం. దీర్ఘకాలిక సవాళ్ళని మా పుస్తకంలో దీనికి ఒక అధ్యాయమే ఉంది." చిన్న పుస్తకం తీసి ఏదో గీసుకున్నాడు. గంగన్న భుజం తట్టాడు. మనిషి తెలివైనవాడని మేనేజర్‌కు మెచ్చుకోలుగా చెప్పి, ఖర్జూరం గింజ ఇసుకలో ఉమ్మేసి, కారెక్కాడు.

ఆ పుస్తకం మరుసటి ఏడు నిజంగానే అచ్చయింది. నీటి విషయంలో దీర్ఘకాలిక సవాళ్ళు లేకపోలేదు అని చివరి అధ్యాయంలో ఒక వాక్యం ఉంది. రెండు నెలల తాడు కొలతలు, హలీమా మేకలు, గంగన్న సర్దుకోబోయిన పెట్టె, అన్నీ ఆ లేకపోలేదులో సర్దుకున్నాయి. ఎర్ర గీత ఒక్క వెంట్రుక కూడా వంగలేదు.

కార్ల దుమ్ము అణగకముందే ఎహసాన్ పంపు వేయించాడు. "బచ్ గయా రే!" అని గంగన్న వీపు చరిచాడు. "సచ్ చెప్పినవ్, నీకేం కాలె, ఎవరికీ ఏం కాలె. పెద్దోళ్ళకు చెప్తే గిట్లనే ఉంటది. ఇగ చల్లగుండు."

గంగన్నకు అప్పుడు నిజంగా ఒళ్ళు మండింది. ఇంత భయపడి చెప్పిన నిజం ఇంత చవకా? చెప్పినా ఏమీ కాని చోట చెప్పాడు. చెబితే ఏదో ఒకటి అయ్యే చోటు వేరే ఉంది, అక్కడ నోరు మూసుకున్నాడు.

మర్నాడు పొద్దున డ్యూటీ వదిలిపెట్టి తోటలోకి నడిచాడు. కర్ర చుట్టూ నలభై మంది కూర్చున్నారు. హలీమా విత్తనాల మూట ఒళ్ళో పెట్టుకుని ఉంది. ఖల్ఫాన్ వంతులు చెప్పడం మొదలుపెట్టబోతున్నాడు.

"ఆగు చాచా. వాన లేదు, ఏం లేదు. పంపు ఆపిన్రు, నీళ్ళు వచ్చినయ్. నిన్న మళ్ళ వేసిన్రు. వారంల పోతయ్. విత్తనం వెయ్యకున్రి." హిందీ సగం, తెలుగు సగం, చేతులు మిగతాది.

ఖల్ఫాన్ అరబ్బీలో చెప్పాడు. గుంపులో గోల లేచింది. ఒక పడుచువాడు గంగన్న చొక్కా పట్టుకున్నాడు. ఖల్ఫాన్ వాణ్ణి నెట్టేసి, మెల్లగా అడిగాడు.

"ఎప్పటినుంచి తెలుసు నీకు?"

"రెండు నెలల సంది."

"రోజూ నా పక్కన కూర్చున్నావు."

"కూసున్న చాచా."

హలీమా ఏదో అంది. ఖల్ఫాన్ దాన్ని హిందీలోకి మార్చలేదు. మార్చనక్కర లేని మాటే అయి ఉంటుంది.

ఆ నలభై మందీ కంపెనీ ఆఫీసుకు వెళ్ళారు. మేనేజర్ వాళ్ళకు చల్లటి షర్బత్ ఇప్పించి, మూడు నెలల్లో విచారిస్తామన్నాడు. గంగన్నకు మూడు నెలలు పట్టలేదు. సాయంత్రానికి వీసా రద్దు, మర్నాడు మధ్యాహ్నం విమానం. అభివృద్ధి ఎక్కడైనా నత్తనడక నడుస్తుందేమో గాని, ఒక కూలివాణ్ణి వెళ్ళగొట్టేటప్పుడు దాని వేగం చూడాలి.

"ఏం మిగిలె నీకు?" అన్నాడు భూమయ్య పెట్టెకు తాడు బిగిస్తూ. ఏడుపు వచ్చే మనిషి కాదు, తాడును మాత్రం అవసరానికి మించి బిగించాడు. "హరిశ్చంద్రుని తమ్ముడా, వీసాకు జేసిన బాకీ ఎవడు గడ్తడు ఊర్లె?"

"నేనే గడ్త. బొంబాయిల మట్టి మోస్త. నువ్వు గీ తాడు కొయ్యకుండ ఇప్పేటట్టు కట్టు ముందు."

తెల్లవారుతుండగానే ఖల్ఫాన్ క్యాంపు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. పలకరింపు లేదు. "పంపు ఆగదు. నాలుగు వందల పన్నెండు చెట్లున్నాయి. మిగిలే నీళ్ళతో ఎన్ని బతుకుతాయి? నువ్వు చెప్పు."

గంగన్న ఫలజ్‌లో దిగాడు. ధార అప్పుడే సన్నబడుతోంది. అరచేయి అడ్డం పెట్టి చూశాడు, ఆకు వదిలి దానివెంట నడిచాడు, మట్టి తీసి నలిపాడు. చాలాసేపటికి పైకి వచ్చాడు.

"నూట అరవై."

"రెండు వందలు చెయ్యి."

"నూట అరవై చాచా. రెండు వందలంటే రెండు వందలూ పోతయ్."

ఇద్దరూ చెట్టు చెట్టుకూ ఆగుతూ నడిచారు. బతకాల్సినవాటిని వదిలేశారు. మిగతావాటికి నీరు పోయే చిన్న కాలువ నోటిని ఖల్ఫాన్ మట్టితో మూశాడు. మొదట తనవే మూశాడు. హలీమా చెట్లలో ఎనిమిదిని ఉంచారు. ఆమె వాళ్ళ వెనకే వచ్చింది, మూసిన ప్రతి చెట్టునూ ఒకసారి తాకి వచ్చింది. కంపెనీ బండి డ్రైవర్ బాబు మియా రోడ్డు మీదినుంచి హారన్ మోగిస్తూనే ఉన్నాడు.

చివరి వరసలో ఒక పొడుగాటి చెట్టు దగ్గర ఖల్ఫాన్ ఆగిపోయాడు.

"ఇది ఉండనీ. నా పెళ్ళినాడు నాటింది."

గంగన్న తలెత్తి చెట్టు తల చూశాడు. మట్టలు సగం ఎండి ఉన్నాయి. "కాపు లేదు చాచా. నీళ్ళు శానా తాగుతది."

"గంగా."

"ఉంచొద్దు చాచా."

ముసలాయన చాలాసేపు అతని ముఖంలోకి చూశాడు. ఏదైనా మెత్తటి మాట వస్తుందేమోనని చూసినట్టున్నాడు. గంగన్న దగ్గర అలాంటిది లేదు. ఖల్ఫాన్ వంగి రెండు చేతులా మట్టి తీశాడు.

బాబు మియా ఈసారి బండి దిగి కేక వేశాడు. గంగన్న వెళ్ళి ఎక్కాడు. బండి మలుపు తిరిగేదాకా వెనక్కు చూస్తూనే ఉన్నాడు. ఖల్ఫాన్ తల ఎత్తలేదు. మూసిన మట్టి గట్టిపడాలని మడమతో తొక్కుతూ అక్కడే ఉన్నాడు.