బస్సెక్కుతున్న ఏనుగు

నేను ఒక అట్టముక్కను. పుట్టడం చొక్కా పెట్టెకు మూతగా పుట్టాను. చొక్కా తొడుక్కున్నవాళ్ళు నన్ను పారేయబోతుంటే, డ్రాయింగు టీచరుగా రిటైరైన హైమవతి గారు అడిగి తీసుకున్నారు. నా లోపలివైపు తెల్లగా ఉందని అక్కడ ఒక ఏనుగును వేశారు. తొండానికి గొడుగు తగిలించుకుని, ఎర్రబస్సు ఫుట్‌బోర్డు మీద ఒక కాలు పెట్టిన ఏనుగు.

బొబ్బిలి గ్రంథాలయంలో ఆదివారాలు ఆవిడ పెద్దవాళ్ళ చేత కథలు రాయించేవారు. వచ్చేది ఇళ్ళు కట్టినవాళ్ళు, పిల్లల పెళ్ళిళ్ళు చేసినవాళ్ళు. అయినా తెల్లకాగితం ముందు పెడితే చెమటలు పట్టేవి. అందుకని నన్ను బల్ల మధ్య నిలబెట్టేవారు. నన్ను చూసి ఒకరు ఒకట్రెండు వాక్యాలు రాసి, పైకి చదివి, కాగితం పక్కవారికి అందించాలి. వారు కథను ముందుకు నడపాలి. ఎవరి వాక్యాన్నీ ఎవరూ కొట్టేయకూడదు. నవ్వొచ్చే బొమ్మను చూస్తే మనుషులు భయం మరిచిపోతారు. భయంతో పాటు జాగ్రత్త కూడా మరిచిపోతారని తర్వాత తెలిసింది.

ఒక ఆదివారం జగ్గారావు వచ్చాడు. ఒకప్పుడు బస్సు కండక్టరు.

"నాకు కతలేటొచ్చమ్మా, టికెట్లు కొట్టడం వొచ్చు" అన్నాడు కూర్చుంటూ.

పక్క కుర్చీలో తవుడు ఉన్నాడు. ఆ బస్సుకే డ్రైవరుగా చేసినవాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని, వెంటనే నన్ను చూడడం మొదలుపెట్టారు.

వాళ్ళ సంగతి గదిలో అందరికీ తెలుసు. ఒక ముసలావిడ ఎక్కుతుండగా బస్సు కదిలింది. ఆవిడ పడి తుంటి విరిగింది. కండక్టరు రైట్ అన్నాకే కదిలించానని విచారణలో డ్రైవరు చెప్పాడు. అనలేదని కండక్టరు చెప్పాడు. ఉద్యోగం పోయింది కండక్టరుకి. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు.

మొదటి వాక్యం టైలరు శశిరేఖ రాసింది: 'ఏనుగు పెళ్ళికి బయల్దేరింది.' అందరూ నవ్వారు. కాగితం జగ్గారావు చేతికి వచ్చింది. రాసి చదివాడు: 'ఏనుగు ఒక కాలే పెట్టింది. కండక్టరు ఇంకా రైట్ అనలేదు.'

నవ్వులు ఆగిపోయాయి. హైమవతి గారు కాగితం తీసేసుకోబోయారు.

"ఉండనీయండమ్మా, ఇప్పుడు నా వొంతు" అన్నాడు తవుడు.

కలం పట్టుకుని చాలాసేపు నన్ను చూశాడు. నన్ను వేసినావిడ కూడా అంతగా చూడలేదు. చివరికి రాశాడు: 'డ్రైవరుకి అద్దంలో ఏనుగు కనపడలేదు.' తల ఎత్తకుండానే పైకి చదివాడు.

"అంతేసి ఏనుగు కనపడకపోడమేటి బాబూ?" అంది శశిరేఖ, అందరినీ మళ్ళీ నవ్విద్దామని.

తవుడు కాగితాన్ని పక్కకు జరిపాడు. కాగితం మళ్ళీ జగ్గారావు దగ్గరకు రావాలంటే మధ్యలో కొందరున్నారు. వాళ్ళు ఏమీ రాయకుండా దాటించేశారు. జగ్గారావు తవుడి వాక్యం మీద వేలు పెట్టుకుని కాసేపు కూర్చున్నాడు. తర్వాత కింద రాశాడు: 'ఏనుగు అద్దం కన్నా పెద్దది. ఎలా కనపడతాది?'

తవుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"టీ తాగుదామేటి?" అన్నాడు జగ్గారావు, నా వైపే చూస్తూ. ఎవరిని అడిగాడో తెలియడానికి తవుడికి కొంచెం సమయం పట్టింది.

ఆ సాయంత్రం నన్ను బీరువాలో పెట్టారు. మరుసటి ఆదివారం బల్ల మీదకు వేరే బొమ్మ వచ్చింది. మంగలి కుర్చీలో కూర్చున్న పిల్లి అట. మూసిన తలుపు వెనక నుంచి విన్నాను.

"పిల్లికి క్రాపేటిరా, తవుడూ?"

"నీకు జుట్టు లేదని దానికీ ఉండకూడదేటి?"

బీరువాలో చెదలు నా అంచు దాకా వచ్చాయి. అవి బొమ్మలు చూడవు.