గుండ్రటి మూలల శుభలేఖ

శుభలేఖ మూలలకు పసుపు పెట్టాలంటే ముందు దానికి మూలలుండాలి. లేకపోతే ఎక్కడ పెడతారు? బిందు వేసిన ఎత్తు అదే.

నరసరావుపేటలో రవిచంద్ర గారి ప్రెస్సులో ఆమె డిజైనర్. ఊళ్లో ఎంతమంది పెళ్లిళ్లకో కార్డులు చేసిన పిల్ల, ఇప్పుడు తన పెళ్లికార్డు తనే చేసుకుంటోంది. పెళ్లికొడుకు మాచర్ల అబ్బాయి, మంచివాడు, అతనితో ఏ పేచీ లేదు. దిగులంతా అమ్మ గురించే. కార్డులు ఇంటికి రాగానే ముత్తయిదువలు చాప మీద కూర్చుని నాలుగు మూలలకూ పసుపు పెడతారు. నాన్న పోయాడు గనక అమ్మ సరిత ఆ చాప ఛాయలకు కూడా రాదు. నిశ్చితార్థం రోజున వంటింటి గడప దాటలేదు ఆవిడ. బిందుకు కడుపు మండిపోయింది గానీ, మేనత్త మహాలక్ష్మమ్మ ముందు నోరు పెగల్లేదు. నాన్నకు అక్క ఆవిడ. రొంపిచెర్ల నుంచి వస్తూ ఆచారాలన్నీ మూటగట్టుకొస్తుంది.

నోటితో చెప్పలేనిదాన్ని మౌసుతో కానిద్దామనుకుంది బిందు. తెర మీద కార్డు అంచు గీత పట్టుకుని, మూల దగ్గరున్న చుక్కను లోపలికి లాగింది. నాలుగు మూలలూ ఒక్కసారే వంపు తిరిగాయి. చాలక ఇంకాస్త లాగింది.

రవిచంద్ర వెనక నిలబడి చూశాడు. "ఏందమ్మా, ఇది శుభలేఖా, సబ్బుబిళ్లా?"

"ఇప్పుడిదే ఫ్యాషన్ సార్," అని ఒక కార్డు శాంపిలు తీసి, వంపు వెంట కోసి, ఇంటికి పట్టుకెళ్లింది.

పెళ్లిపనులకని వచ్చిన మహాలక్ష్మమ్మ కార్డును అటూ ఇటూ తిప్పింది. "ఏమే, దీనికి మూలలేవే?"

"గుండ్రంగా చేశానత్తా. ఇంక పసుపు పెట్టే పన్లేదు."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది. గుండ్రంగా ఉంటే పసుపు అంటుకోదటే?" పక్కనున్న పసుపు గిన్నెలో వేలు ముంచి, నాలుగు వంపులకూ నాలుగు బొట్లు పెట్టేసింది. గిన్నె చూడగానే సరిత లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడు. బిందుకు అత్త మీద కంటే తన మీదే ఎక్కువ కోపమొచ్చింది. ఈ డొంకతిరుగుడంతా దేనికి? మధ్యలో మూలలేం పాపం చేశాయి?

మర్నాడు ప్రెస్సులో ఆ వంపు కొలత చెరిపేసి సున్నా కొట్టింది. మూలలు మళ్లీ నిక్కచ్చిగా నిలబడ్డాయి. కార్డులన్నీ అట్లాగే అచ్చు వేయించుకుని ఇంటికి తెచ్చింది.

మహాలక్ష్మమ్మ చాప పరిచి పసుపు కలిపింది. బిందు నేరుగా వంటింట్లోకి వెళ్లి, అమ్మను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చాప మీద కూర్చోబెట్టింది.

"అత్తా, మొదటి కార్డుకు అమ్మ పెడుద్ది."

"నోరు చానా లేస్తందే నీకు. శుభం కాదే అది."

"నన్ను కన్న చెయ్యి నాకు అశుభమెట్టా అవుద్ది? అమ్మ పసుపు పెట్టకుండా ఒక్క కార్డు గడప దాటదు. పెళ్లి ఆగిపోద్దంటే ఆగిపోనీ." అని ఒక కార్డు తీసి అమ్మ ముందు పెట్టింది.

"వద్దులేవే బిందూ," అంది సరిత, తలెత్తకుండా.

మహాలక్ష్మమ్మ మరదలి వంక చూసింది, మేనకోడలి వంక చూసింది. చివరికి తన ఒళ్లో పెట్టుకున్న గిన్నెను తీసి చాప మధ్యలో పెట్టింది.

సరిత వేలు ముంచింది. పెళ్లి పసుపు ఎన్నాళ్లకు తాకిందో, ఎంత తీసుకోవాలో తెలియలేదు. మొదటి మూల మీద పసుపు ముద్దగా పడింది.

"అంత పెట్టమాక సరితా, అక్షరాల మీదికి కారుద్ది," అని కసిరింది మహాలక్ష్మమ్మ.

"సరే వదినా," అంటూ సరిత మోచేత్తో కళ్లు తుడుచుకుంది. నాలుగు మూలలూ పూర్తి చేసి ఆ కార్డు పక్కన పెట్టింది. ఎవరూ చెప్పకుండానే ఇంకో కార్డు అందుకుంది.