ఉదయ్ భాస్కర్ లాభం

"ఈ నెల మనం లాభంలో ఉన్నం సుజనా" అన్నాడు మా ఆయన ఉదయ్ భాస్కర్. నేను పెనం మీద దోసె తిరగేస్తున్నాను.

ఆయనకు పెనుబల్లిలో పామాయిల్ తోట ఉంది. దాన్ని కౌలుకిచ్చి, గుర్రప్పందేలకు హైదరాబాద్ వెళ్ళడం మొదలుపెట్టాడు. నేను ఖమ్మంలో ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెబుతాను. రోజూ బస్సులో వెళ్ళొస్తాను.

మొదట్లో తనే అడిగాడు. "లెక్కల మేడమ్‌వి గదా, గెలిచే దారేందో చెప్పు." పెళ్ళయ్యాక నా చదువుతో ఆయనకు పని పడడం అదే మొదటిసారి. అందుకే కాబోలు, పందేలు నచ్చకపోయినా శ్రద్ధగా చెప్పాను. గెలిచే దారి నాకు తెలియదు, మునగకుండా ఉండే దారి చెబుతానన్నాను. పందెం డబ్బు ఇంటి డబ్బుతో కలపొద్దు. ఏ గుర్రం మీదైనా అందులో చిన్న వంతే పెట్టాలి. వరసగా ఓడితే ఆగాలి, పోయింది రాబట్టాలని పందెం పెంచకూడదు. గెలిచిన రోజు చేతికొచ్చింది లాభం కాదు. పెట్టినదంతా, వచ్చినదంతా చాలాకాలం పక్కపక్కన పెట్టి చూస్తేనే లాభమో నష్టమో తేలుతుంది.

ఆ ఆదివారమే వసారాలో స్నేహితులకు నా మాటలన్నీ అప్పజెప్పాడు. "ఇది నా సిస్టం" అన్నాడు. నేను పకోడీల పళ్ళెం వాళ్ళ ముందు పెట్టి లోపలికి వచ్చేశాను. గెలిస్తే అది ఆయన తెలివి. ఓడితే మాత్రం "నీ చిన్న వంతులే ముంచినయ్, ధైర్యంగా పెడితే కొట్టేవాణ్ణి" అనేవాడు. మా అత్తయ్య సుబ్బరత్నం ఇంకో మాట అనేది. "మగాడు బయటికెళ్ళేటప్పుడు లెక్కలడగమాక అమ్మాయ్, కలిసిరాదు."

ఆ పొద్దున మాత్రం అడిగాను. "లాభం సరే, పెట్టిందెంత?"

"అది వేరే. మన జాయింటు ఖాతాల పడ్డ నీ జీతంలోంచి తీసిన. ఇంట్ల డబ్బే గదా, బయటి అప్పు కాదు."

దోసె మాడింది. ఆయన అబద్ధం చెప్పలేదు. నిజంగానే ఆయన లెక్కలో నష్టం లేదు. నష్టమంతా నా వైపు పడుతోంది కనుక ఆయనకు కనిపించలేదు. చీకటితో లేచి వండి, ఖమ్మం దాకా నిలబడి వెళ్ళి, గొంతు పోయేలా పాఠాలు చెప్పి, తిరిగొచ్చి మళ్ళీ పొయ్యి వెలిగిస్తే వచ్చే జీతం ఆయనకు ఇంట్లో బావి లాంటిది. బావిని ఎవరూ అడిగి తోడుకోరు. ఖమ్మంలో ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి శ్యామల హాస్టల్ వాళ్ళు ఫీజు రాలేదని ఎందుకు ఫోన్ చేశారో అప్పుడు తెలిసింది. ఆయన మాత్రం కట్టేశానని నాతో చెప్పాడు.

"ఇంకో మాట. బ్యాంకులో లోన్ అడిగిన. నీ పేరు మీదైతే జల్దీ ఇస్తరంట. నువ్వు సంతకం పెడితే చాలు. మనకు రిస్క్ తట్టుకునే కెపాసిటీ ఉన్నది."

ఆ కెపాసిటీ నేనే.

అయినా ఆయన వెంట బ్యాంకుకు వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే చెప్పలేను. కాదనడం అలవాటు లేదు, అంతే. మేనేజర్ నిర్మలాదేవి కాగితాలు నా వైపు తిప్పింది.

"ఇంటి రిపేరుకా మేడం?"

"అవ్, స్లాబు కారుతున్నది" అన్నాడు ఆయన.

ఆమె ఆయన వైపు చూడలేదు, నా జవాబు కోసం ఆగింది. అప్పు నాది కదా.

"కాదండీ" అన్నాను. "గుర్రాల మీద పెట్టడానికి."

ఇన్నేళ్ళూ ఆయన పరువు నా మెడకే వేలాడినట్టుంది. నిర్మలాదేవి కాగితాలు మెల్లగా తన వైపు లాక్కుంది.

మెట్ల మీద ఆయన గొంతు లేచింది. "నలుగుర్ల పరువు తీసినవ్. నువ్వసలు భార్యవేనా?"

ఖమ్మం బస్సు వస్తే ఎక్కాను. మధ్యాహ్నం క్లాసులు అయ్యాక, జీతం వేరే ఖాతాలో వేయమని ఆఫీసులో రాసిచ్చాను. కాలేజీ వెనక వీధిలో ఒక గది కిరాయికి మాట్లాడి, హాస్టల్‌కు వెళ్ళి శ్యామలను బయటికి పిలిచాను. ఇకనుంచి ఇద్దరం ఇక్కడే ఉంటామన్నాను.

అది నా చేతిలోని సంచి అందుకుంది.

"నాన్న ఒప్పుకున్నాడా?"

"అడగలేదు" అన్నాను.