గాలి చొరబడని ఇల్లు

టైలరమ్మ భర్తకు భూగోళం మీద బెంగ ఆఫీసులో విన్న ఒక ఉపన్యాసంతో పట్టుకుంది. అంతకుముందు ఆయన స్నానాల గదిలో కుళాయి సరిగ్గా కట్టిన పాపాన పోలేదు. ఆ సాయంత్రం మాత్రం చెప్పులైనా విప్పకుండా, "మన ఇల్లు భూమికి బరువైపోయిందోయ్, మొత్తం మార్చేయాలి," అని ప్రకటించాడు.

"ముందు ఆ కుళాయి కట్టేసి రండి," అంది టైలరమ్మ మిషను మీంచి తలెత్తకుండా.

చిన్న విషయాలు ఆయన చెవికెక్కవు. వారం తిరక్కుండా మేస్త్రి వచ్చాడు, మేస్త్రి వెనక సుత్తులొచ్చాయి. రాయిలాంటి గచ్చు పగిలిపోయింది, ఎందుకంటే వెదురు పలకలు పర్యావరణానికి మంచివట. ఆ పలకలు సముద్రం దాటి ఓడలో, ఆపైన లారీలో, ఒక్కొక్కటీ మూడు పొరల ప్లాస్టిక్ కప్పుకుని వేంచేశాయి. పగిలిన గచ్చు రెండు లారీలైంది. దాన్ని ఊరవతల గుంటలో పోయించి వచ్చి, భూమికి మేలు చేసిన తృప్తితో ఆయన రెండు కప్పుల టీ తాగాడు. వీధిలో వాళ్లు ఆయనకు 'పర్యావరణం గారు' అని పేరు పెట్టారు. ఆయన దాన్ని బిరుదనుకున్నాడు.

తర్వాత కిటికీల వంతు వచ్చింది. ముందుగదిలో నిలువెత్తు చెక్క కిటికీ పక్కనే టైలరమ్మ మిషను. ఇరవై ఏళ్లుగా ఆ వెలుతురులోనే కుడుతోంది.

"దీన్ని ముట్టుకోకండి," అంది.

"అందులోంచే వేడంతా వస్తోంది. రెండు పొరల అద్దం బిగిస్తే గాలి చొరబడదు."

"గాలి కోసమే కదండీ కిటికీ!"

"నీకు శాస్త్రం తెలీదులే."

మేస్త్రి నసిగాడు. "సార్, ఈ చెక్క ఇంకో అరవై ఏళ్లుంటుంది. డాబాకి తెల్ల సున్నం కొట్టి, కిటికీల పైన నీడ కట్టుకుంటే చాలు."

పర్యావరణం గారు అతన్ని జాలిగా చూశాడు. ఐదు కిటికీలూ ఊడాయి. "లారీ ఎక్కించకు బాబూ, పెరట్లో గోడకి ఆనించు," అని మేస్త్రి చెవిలో వేసింది టైలరమ్మ.

ఇల్లు మూత బిగించిన డబ్బా అయింది. ఆ ఉక్కకు విరుగుడుగా గదికో ఏసీ వచ్చింది. అవి చాలా తక్కువ కరెంటు తాగుతాయట, రోజంతా నడిపినా సరే. ఎండ ఆపడానికి అద్దాలకు రంగు వేయించడంతో పట్టపగలు లైటు కూడా వెలిగింది. ఆ లైటు కింద, ఆసుపత్రి నర్సమ్మ కుట్టమనిచ్చిన నీలం కోటుకు టైలరమ్మ నీలమనుకుని నల్లదారంతో రెండు చేతులూ కుట్టేసింది. తప్పు తెలిశాక ఒక్కో కుట్టూ విప్పుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. తన చేతి పని తప్పిందన్న మాట ఆవిడ ఏనాడూ పడలేదు.

మర్నాడు భర్త ఆఫీసుకెళ్లగానే మేస్త్రిని పిలిచింది. "ఈ అద్దం విప్పేసి పాత కిటికీ పెట్టు."

"సార్ అడిగితే?"

"నేను చెప్పుకుంటాను." అన్నదే గానీ, అంతవరకూ ఆ ఇంట్లో ఆయన్ని అడక్కుండా ఆవిడ ఒక మేకు కూడా కొట్టించలేదు.

మేస్త్రి ఆఖరి మేకు కొడుతుండగా భర్త దిగాడు, ఒక్కడే కాదు. తన పచ్చని ఇంటిని చూపించడానికి ఉపన్యాసం ఇచ్చిన పెద్దావిడని వెంటపెట్టుకొచ్చాడు. ఆవిడ ఇళ్ల ఇంజనీరు. పక్క గుమ్మంలోంచి నేరుగా వెళ్లి వాళ్లు పడగ్గదిలో ఏసీ చూస్తుండగా కరెంటు పోయింది. రెండు నిమిషాలకే ఇంజనీరమ్మ ముఖం చెమటతో తడిసింది, కాళ్లు తమంతట తామే ముందుగదికి నడిచాయి. అక్కడ కిటికీలోంచి గాలి హాయిగా వీస్తోంది.

"అబ్బ! ఇల్లంటే ఇలా ఉండాలి. ఇదెవరి ఆలోచన?"

కొత్త అద్దం గోడవారన పడి ఉండటం ఆయన అప్పుడే చూశాడు. వెంటనే దానికి అడ్డంగా నిలబడ్డాడు. "సహజ వాయు ప్రసరణ అంటారండీ. మొదట్నించీ నా పట్టుదల."

మేస్త్రికి దగ్గొచ్చింది. టైలరమ్మ ఒక్క క్షణం భర్తను చూసి, చల్లగా అంది: "అవునండీ, ఆయన పట్టుదల మామూలుది కాదు. మిగతా నాలుగు కిటికీలూ రేపే పెట్టించేస్తున్నారు. డాబాకి సున్నం కూడా."

"పొద్దున్నే వచ్చేస్తాను సార్," అన్నాడు మేస్త్రి.

పెద్దావిడ చప్పట్లు కొట్టింది. చేసేది లేక ఆయనా చప్పట్లు కలిపాడు. ఆ తర్వాత మూడు రోజులు ఆయన భార్యతో పలకలేదు. ఆ ప్రశాంతతలో నీలం కోటు బ్రహ్మాండంగా కుదిరింది.