తొట్టిలోని ప్రాణులు

నాగవేణికి పుంగనూరు మురుగునీటి శుద్ధి కేంద్రంలో ఉద్యోగం వచ్చినప్పుడు ఇంట్లో సంతోషపడనిది ఆమె మామ పెద్దన్న ఒక్కడే. చదువుకున్న కోడలు ఊరి మురుగు దగ్గర కూర్చోవడమేమిటని కొడుకు లోకనాథ్‌తో అన్నాడు. కోడలితో మాత్రం ఏమీ అనలేదు. కానీ ఆ తర్వాత ఆమె కొట్టంలోకి వస్తే చాలు, పాలచెంబు ఆమెను ముట్టనివ్వకుండా తానే అందుకునేవాడు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆమెకు పాలు పితకడం నేర్పింది ఆయనే. అందుకే అది ఆమె మనసులో ముల్లులా ఉండిపోయింది.

కేంద్రంలో గాలి ఊదే పెద్ద తొట్టి ఒకటుంది. అందులో కంటికి కనిపించని సూక్ష్మజీవులు మురుగును తిని నీళ్లను శుభ్రం చేస్తాయి. ఆ నీళ్లు కాలువలో పడి, కింది చేలల్లో పశుగ్రాసానికి పారతాయి. తొట్టి ఎప్పుడూ బెల్లం రంగులో నురగలు కక్కుతూ ఉండేది.

ఈ ఎండాకాలంలో ఎవరో ట్యాంకరు నిండా ఏదో రసాయనం తెచ్చి ఊరి మురుగుకాలువలో వదిలేసి పోయారు. తెల్లారేసరికి తొట్టి నల్లబడి కుళ్లు కంపు కొట్టింది. కిందికి నీళ్లు ఆపేశారు. వేరే ఊరి కేంద్రం నుంచి ఆ జీవులు బతికున్న బురద తెప్పిస్తాననీ, దానికి కొన్నాళ్లు పడుతుందనీ, పేడలోనూ అలాంటి జీవులుంటాయి కాబట్టి ఈలోగా పేడనీళ్లతో మొదలుపెట్టి చూద్దామనీ ఇంజనీరు సుబ్రమణ్యం అన్నాడు.

ఆ సాయంత్రం నాగవేణి అన్నం తినకుండా గడపలో కూర్చుంది. గొడ్లను తోలుకొచ్చిన పెద్దన్న చూశాడు.

“యాలమ్మా అట్లా కూర్చోనుండావు?”

“తొట్టిలో ఉండేటివి కూడా ప్రాణులే మామా. వాటికీ గాలి కావాల, మేత కావాల. ఇన్నాళ్లూ సాకినాను. నా కండ్ల ముందరే సచ్చిపోయినాయి.”

పెద్దన్న పలుపులు కట్టి వచ్చి దగ్గర్లో కూర్చున్నాడు. గాలికుంటు రోగం వచ్చిన ఏడు గొడ్లు చచ్చి ఆయన కొట్టం సగం ఖాళీ అయింది. ఆ బాధ ఎవరూ చెప్పకుండానే ఆయనకు తెలుసు.

“మళ్లా బతికించేదానికి ఏం కావాలమ్మా?”

“పచ్చిపేడ.”

“అది మనకాడ ఉండాది గదా,” అన్నాడు.

మరునాడు పొద్దున్నే పాల ఆటోలో పేడగంపలు వేసుకుని కేంద్రానికి వచ్చాడు. పనివాళ్లు కలుపుతారని నాగవేణి చెప్పినా వినలేదు. పంచె ఎగగట్టి, తన చేత్తోనే కలిపి, గడ్డిపరకలు ఏరేసి పోశాడు. రోజూ అదే పని. అంతా ఒకేసారి పోస్తే వాటికి అరగదేమో, కొంచెం కొంచెంగా పోద్దామా అని అడిగేవాడు. బయటినుంచి బురద వచ్చాక కూడా ఆయన రావడం మానలేదు. తొట్టి గోడ పక్కన నిలబడి, నీళ్ల రంగు చూసేవాడు. నలుపు మెల్లగా విరిగింది. ఒక పొద్దున పైన పలచగా బెల్లంరంగు నురగ లేచింది.

సుబ్రమణ్యం ఒక చుక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టి, పెద్దన్నను రమ్మన్నాడు. ముసలాయన ఒక కన్ను మూసుకుని వంగాడు. గంట ఆకారంలో చిన్నచిన్నవి, కాడల మీద ఊగుతూ, నోళ్లు తెరిచి మూస్తున్నాయి. ఆయన చాలాసేపు తల ఎత్తలేదు.

“పాపం, ఎంత కష్టపడతాండాయో,” అన్నాడు మెల్లగా.

ఇంటికి వెళ్లే దారిలో ఆటోలో ఆయన కోడలి వైపు చూడకుండానే మాట్లాడాడు.

“నువ్వు సాకేది కూడా గొడ్లనేనమ్మా. నాకు తెలీలేదు.”

నాగవేణి ఆయన చేతికి అంటుకుని ఎండిపోయిన పేడను తన కొంగుతో తుడిచింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఇప్పుడు కాలువలో నీళ్లు పారుతున్నాయి. పల్లెలో కరెంటు పోయిందంటే చాలు, పెద్దన్న కేంద్రంలో ఉన్న నాగవేణికి ఫోన్ చేస్తాడు. ఆడ గాలి ఆడతా ఉండాదా అని అడుగుతాడు. జనరేటరు వేశామని ఆమె చెబుతుంది. సరేనమ్మా అని, తృప్తిగా ఫోన్ పెట్టేస్తాడు.