తొట్టెల ఎక్కని పేరు

పొరుగింటి మొగిలవ్వ చెవి కమ్మలు పోయిన వారంలోనే రాజమల్లు గల్ఫ్ నుంచి భార్య సత్యవ్వకు ఒక పాస్‌వర్డ్ పెట్టాడు. ఎవడో మొగిలవ్వకు ఫోన్ చేసి, గల్ఫ్‌లోనే ఉన్న ఆమె భర్తనని నమ్మించి, జైల్లో ఉన్నానని ఏడ్చి, కమ్మలు అమ్మించాడు. మనుషులను విమానమెక్కించిన ఏజెంటుకు గాని, వాళ్ల పాస్‌పోర్టులు లాక్కున్న కంపెనీకి గాని పట్టని జాగ్రత్త, రాయికల్‌లో బీడీలు చుట్టే సత్యవ్వ మీద పడింది.

"కొత్త నంబరుకెళ్లి ఎవడు చేసినా ముందుగాల గా పాస్‌వర్డ్ అడుగు. చెప్పకుంటే కట్ చెయ్."

"నువ్వు చేసినా?"

"నేను చేసినా. బ్యాంకోడు అడుగుతలేడా? నీకేం తక్కువ?"

ఆ మాట 'నీల'. తొట్టెల వేసి పేరు పెట్టకముందే పోయిన ఆడపిల్లకు వాళ్లిద్దరూ అనుకున్న పేరు. మూడో మనిషికి తెలియదు. ఆ రోజు రాజమల్లు తానే గొయ్యి తవ్వి, చేతులు కడుక్కుని, అన్నం తిన్నాడు. అతని కన్నీరు సత్యవ్వ ఎన్నడూ చూడలేదు.

"పాస్‌వర్డ్ చెప్పు, లేకుంటే కట్ చేస్త," అని ఆమె వేళాకోళమాడేది.

"నా నంబరే గదనే, సర్కారు మేడమూ!"

సొంత నంబరు కనుక, ఆ పేరు పలకవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు.

తరువాత ఆ నంబరు మూగబోయింది. జగిత్యాలలో ఒక ఆఫీసుకు అతని ఆచూకీ కోసం వెళ్తే, పాస్‌పోర్టు నంబరు అడిగి, అది లేదన్నందుకు ఆమెనే తప్పుపట్టి పంపారు.

నెలల తరువాత ఒక మధ్యాహ్నం కొత్త నంబరు మోగింది. ఎవరిదో బొంగురు గొంతు. వెనక మగవాళ్ల అరుపులు.

"సత్తెవ్వా, నేనే."

"పాస్‌వర్డ్ చెప్పు."

"ఇక్కడ వద్దే. ఫోన్ కోసం లైన్ల నిలవడ్డ. అందరు ఇంటున్నరు."

"చెప్పు."

"గా మాట నా నోట్లకెళ్లి రాదే. ఇంకేమన్న అడుగు."

పక్కన ఆకు కత్తిరిస్తున్న మొగిలవ్వ తన బోసి చెవిని తడుముకుంది. "కట్ చెయ్యే. నాతోని గా దొంగోడు గిట్లనే ఏడ్చి నమ్మించిండు."

సత్యవ్వ కట్ చేసింది.

మళ్లీ బీడీ చేతికి తీసుకున్నాక గాని ఆమెకు తట్టలేదు: మొగిలవ్వ వినేటట్లు ఆ పేరు తానైనా పలకగలదా? వెంటనే తిరిగి చేసింది. ఎవరూ ఎత్తలేదు.

కొన్నాళ్లకు అదే నంబరు మోగింది. ఫోన్ పట్టుకుని ఇంటి వెనక్కి నడిచింది. అవతలి మనిషి నోరు తెరవకముందే తానే పలికింది.

"నీల."

ఇక ఆ పేరు ఎవరైనా తిరిగి అప్పజెప్పగలరు. కాని అవతలి మనిషి అప్పజెప్పలేదు. వెక్కి వెక్కి ఏడ్చాడు. లైను తెగేదాకా ఏడుస్తూనే ఉన్నాడు.

సత్యవ్వ ఫోన్‌ను చెవి నుంచి తీయలేదు. రాజమల్లు ఏడిస్తే ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు.