పావుచుట్టు

నెలలో రెండో ఆదివారం వచ్చిందంటే కిషన్‌బాగ్‌లో ప్రేమ్‌రాజ్ ఇంటి ముందుగదికి పెళ్లికళ వచ్చేది. పాత కంప్యూటర్ల పిచ్చి ఉన్నవాళ్లు పదిమంది దాకా చేరేవారు. ఎప్పుడో ఎనభైల్లో ఇంట్లో టీవీకి తగిలించుకుని ఆడుకున్న కంప్యూటర్లవి. వాటి ఆటలు పాటల క్యాసెట్లలాంటి క్యాసెట్ల మీదే ఉంటాయి. టేప్‌రికార్డర్‌లో వేస్తే కీచుమని అరుస్తాయి. ఆ అరుపును కంప్యూటర్ ఐదు నిమిషాలు విని ఆటగా మార్చుకుంటుంది. ఒక్క ముక్క సరిగ్గా వినపడకపోయినా మళ్లీ మొదటికే.

వినపడేలా చేసే మనిషి ప్రేమ్‌రాజ్. టేప్‌రికార్డర్‌లో క్యాసెట్‌ను చదివే హెడ్డు పక్కన ఒక చిన్న స్క్రూ ఉంటుంది. పేచ్‌కస్‌తో దాన్ని అటో ఇటో తిప్పితే అరుపు తేటపడుతుంది. ఎంత తిప్పాలో చెవితో పట్టాలి. ఏడేళ్లుగా ఆ గదిలో పేచ్‌కస్ పట్టే హక్కు ఆయనొక్కడిదే. కంచన్‌బాగ్‌లో ముప్పై ఏళ్లు మిషన్ల మధ్య పనిచేసినా అక్కడెవరూ ఆయన్ని ఉస్తాద్ అనలేదు. ఇక్కడ అంటారు. ఆ మాట కోసమే నెలంతా ఎదురుచూసేవాడు. తన కోడి కూయకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మకూ ఆయనకూ పెద్ద తేడా లేదు.

అలాంటి చోటికి మూడు నెలల కిందట కృపాకర్ వచ్చిపడ్డాడు. ముప్పై ఐదేళ్లవాడు, ల్యాబ్‌లో ఉద్యోగం, నెమ్మదస్తుడు. వాడి స్పెక్ట్రమ్ కంప్యూటర్ రబ్బరు మీటలు నిన్న కొన్నట్టుంటాయి. ప్రేమ్‌రాజ్ దాంట్లో రెండు మీటలు ఎంత నొక్కినా పలకవు. పోయిన నెల వీణ ఒక మాట అన్నది. బ్యాంకులో పనిచేసే ఆ అమ్మాయే వాళ్ల నోట్‌బుక్ రాస్తుంది.

"కృపాకర్ వాళ్ల క్వార్టర్ల పెద్ద హాలున్నదట అన్నా. ఇగ ఆడనే పెట్టుకుందామా?"

"చూద్దాం తియ్," అని ప్రేమ్‌రాజ్ నవ్వాడు. ఆ పూట మాత్రం అన్నం సయించలేదు.

ఈ ఆదివారం కృపాకర్ తన టేప్‌రికార్డర్‌ను కూడా సంకన పెట్టుకుని దిగాడు. "అన్నా, ఇయ్యాల నా దాంట్లనే ఏస్త. మూడు రోజులు కూసోని స్క్రూ సెట్ చేసిన. గిసొంటి ఆట ఎవ్వరి దగ్గర లేదు."

"గదేం ఆటనో?"

"చూస్తవు గదా," అన్నాడు వాడు. క్యాసెట్ మీద పేరు చీటీ కూడా లేదు.

పాత రేడియోలు బాగుచేసే ఖాదర్ భాయ్ వాడి వీపు తట్టి, "తుమ్ తో ఛుపే రుస్తుం నిక్లే మియా!" అని వాడిలో దాగిన పనితనాన్ని మెచ్చుకున్నాడు. ఏడేళ్లలో ఆ చెయ్యి తన వీపు మీద ఒక్కసారీ పడలేదని ప్రేమ్‌రాజ్‌కు అప్పుడే గుర్తొచ్చింది.

ఇంతలో ప్రేమ్‌రాజ్ భార్య నీలమ్మ చాయ్, మిర్చి బజ్జీలు తెచ్చింది. మిషన్ల దగ్గర చాయ్ ముట్టకూడదని వాళ్ల కట్టుబాటు. అందరూ వరండాలోకి నడిచారు. "ఫ్యాన్ బందువెట్టొస్త," అని ప్రేమ్‌రాజ్ వెనక్కి వచ్చాడు. జేబులోంచి పేచ్‌కస్ తీసి, కృపాకర్ టేప్‌రికార్డర్ స్క్రూను ఎడమకు పావుచుట్టు తిప్పాడు. బయటికెళ్లి రెండు బజ్జీలు ఎక్కువే తిన్నాడు.

చాయ్ తాగి వచ్చాక కృపాకర్ క్యాసెట్ వేశాడు. అది కీచుమనలేదు, దుప్పటి కప్పుకుని ఏడ్చినట్టు మూలిగింది. తెర మీద ఏమీ రాలేదు. మళ్లీ వేశాడు. మళ్లీ అంతే.

"ఇంట్ల మంచిగనే వచ్చిందన్నా, ఒట్టు." వాడి చెవులు ఎర్రబడ్డాయి.

ప్రేమ్‌రాజ్ సంతోషం దాచుకోవడానికి నేల చూశాడు. సంతోషమే, అబద్ధమెందుకు!

అప్పుడు కృపాకర్ లేచి తన కుర్చీ చూపించాడు. "నువ్వే కూసో అన్నా. నీ చెవి నాకెక్కడిది? ఎట్లనన్న చేసి ఇయ్యాల ఇది నువ్వు చూడాలె."

ప్రేమ్‌రాజ్ కూర్చున్నాడు. కుడికి పావుచుట్టు తిప్పాడు. ఒక్క తిప్పుకే అరుపు తేటపడింది. గదంతా చప్పట్లు. "ఉస్తాద్ ఆఖిర్ ఉస్తాద్ హై!" అన్నాడు ఖాదర్ భాయ్. ఈసారి ఆ చెయ్యి ఆయన వీపు మీదే పడింది.

ఐదు నిమిషాలకు తెర మీద ఒక ఇరుకు గల్లీ కనిపించింది. దారికి అడ్డంగా మేకలు, వాటి మధ్య దూరిపోవాల్సిన పసుపు ఆటో. కింద ఇంగ్లీషు అక్షరాల్లో: ప్రేమ్‌రాజ్, కిషన్‌బాగ్, 1989.

ఇరవై ఏళ్ల వయసులో ఆయన సొంతంగా రాసిన ఆట అది. మూడు కాపీలు దోస్తులకు ఇచ్చాడు. తన దగ్గరున్నది వాన నీళ్లలో పాడైపోయింది. మొదటి నెలలో ఆ సంగతి కృపాకర్‌కు చెప్పి తనే మరిచిపోయాడు.

"మా చిన్నాయన సందుకల దొరికింది," అన్నాడు కృపాకర్. "అప్పట్ల నీ టేప్‌రికార్డర్ హెడ్డు వంకరుండె కావొచ్చన్నా. నా హెడ్డు గూడ గంతే వంకర చేస్తె గాని పలకలే. గందుకే మూడు రోజులు పట్టింది."

వీణ నోట్‌బుక్ తెరిచింది. స్క్రూ ఎటు, ఎంత తిప్పారో ప్రతిసారీ రాయించాలి. అది ప్రేమ్‌రాజ్ పెట్టిన నియమమే. "చెప్పు అన్నా. ఎటు దిక్కు, ఎంత?"

"కుడికి. పావుచుట్టు."

"ఒక్కపారికే ఎట్ల దొరికిందన్నా?" అన్నాడు కృపాకర్. "నాక్కూడ జర నేర్పు." వాడి గొంతులో వెటకారం లేదు. ఉంటే బాగుండేది.

చెవి అంటే సరిపోతుంది. అందరూ నమ్ముతారు. అనడానికి ప్రేమ్‌రాజ్ నోరు కూడా తెరిచాడు. ఎదురుగా తన పేరు వెలుగుతూ ఉంది.

"ఎడమకు తిప్పింది నేనే తమ్మీ. మీరు చాయ్ తాగుతుంటే తిప్పిన. ఓర్వలేక తిప్పిన."

వీణ కలం ఆగిపోయింది. కృపాకర్ కాసేపు ఆయన మొహం చూసి, చెయ్యి చాచాడు. ప్రేమ్‌రాజ్ ఆ చేతిలో పేచ్‌కస్ పెట్టి, కుర్చీలోంచి లేచి, అందరి వెనక్కి పోయి నిలబడ్డాడు.

కృపాకర్ కూర్చుని ఆట మొదలుపెట్టాడు. ఆటో రెండు మేకలను తప్పించుకుని గల్లీ చివరి గోడ మీదికి పోతోంది. ఆ గోడలో దారి ఉన్న సంగతి ఆ గదిలో ఒక్కరికే తెలుసు.

"ఎడమకు కొట్టు," అన్నాడు ప్రేమ్‌రాజ్ వెనక నుంచి. "గోడల తొవ్వున్నది."

కృపాకర్ వెనక్కి తిరగలేదు. ఎడమ అన్న మాటకు అతని వేలు ఒక్క క్షణం తటపటాయించింది. తర్వాత ఎడమ మీటే నొక్కాడు.